సారమ్మగారి మెషిన్‌కు నాలుగు జీబీ

ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్లున్నాయనగా, ఒక జూన్ నెల మొదటి సోమవారం, బళ్లారి నగరంలో ఇళ్ల కాల్స్ కూడా ఇకపై నేనే చూడాలని హుబ్బళ్లి ఏరియా ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నా హోదా సీనియర్ కస్టమర్ ఇంజనీరు. పేరు ఘనమే గాని పని మాత్రం చేరిన రోజుదే. స్క్రూడ్రైవర్ల సంచి భుజాన వేసుకుని, కంప్యూటర్ ఎక్కడ మొరాయిస్తే అక్కడికి వెళ్లడం. అంతవరకు నా తిరుగుడంతా బ్యాంకులు, గనుల ఆఫీసులు, లారీ బుకింగ్ ఆఫీసులు, కంప్లి వైపు రైసు మిల్లులు. వాటితో మా కంపెనీకి వార్షిక మెయింటెనెన్స్ కాంట్రాక్టులుండేవి. అవి ఒకటొకటిగా రాలిపోతుంటే పైవాళ్ల చూపు ఇళ్ల మీద పడింది.

ఇంటికి కంప్యూటర్ ఇచ్చేముందు ఇంజనీరు స్వయంగా వెళ్లి ‘అవసరాల ఫారం’ నింపాలి. రెండు పేజీలు. మెషిన్ ఏ గదిలో పెడతారు, ఎర్తింగ్ సరిగా ఉందా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా, ఏ పనులు చేస్తారు, ఒకేసారి ఎన్ని ప్రోగ్రాములు నడుపుతారు. చివరి రెండు గళ్లను బట్టి ఎంత మెమరీ వేయాలో ఇంజనీరు రాసి, కింద సంతకం పెట్టాలి. ఆ సంతకమే ఆఖరి మాట.

మెమరీ అంటే హార్డ్ డిస్క్ అనుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లందరికీ నేను ఒకే మాట చెప్పేవాణ్ణి. హార్డ్ డిస్క్ బీరువా, మెమరీ బల్ల. బీరువాలో ఎంతైనా దాచుకోవచ్చు గాని పని జరిగేది బల్ల మీదే. బల్ల నిండిపోతే కంప్యూటర్ కొన్ని కాగితాలు తీసి బీరువాలో ఒక మూలన పెడుతుంది, అడిగినప్పుడు మళ్లీ తెచ్చి బల్ల మీద వేస్తుంది. ఆ మూలకు పేజ్ ఫైల్ అని పేరు. ఈ తెచ్చిపెట్టడం ఎక్కువైతే మెషిన్ నత్తనడక నడుస్తుంది. అప్పట్లో ఇళ్లకు నాలుగు జీబీ మామూలు, ఎనిమిది కాస్త ఎక్కువ. షాపులవాళ్లు గడప తొక్కిన ప్రతివాడికీ ఎనిమిది అంటగట్టేవాళ్లు. నాకది ఒళ్లుమంట. ఎంత కావాలో అంతే రాసే మనిషినని జిల్లాలో నాకొక పేరుండేది. ఆ పేరంటే నాకు ఉండవలసినదానికన్నా ఎక్కువ ఇష్టం.

సారమ్మగారి ఇల్లు గాంధీనగర్‌లో, నేను అద్దెకున్న గదికి మూడు వీధుల అవతల. ఒక ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటిన వయసు. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒక్కగానొక్క బిడ్డ మూడేళ్లప్పుడే జ్వరంతో పోయింది. ముందుగదిలో ఒక మేజా, ఒక కుర్చీ, గోడకు క్యాలెండరు. ఇల్లు అద్దంలా ఉండేది, చప్పుడనేది ఉండేది కాదు. ఆ చప్పుడు లేకపోవడం నాకు కొత్త కాదు. నా భార్య పోయి అప్పటికి ఆరేళ్లు. మాకు పిల్లలు లేరు. కంప్లిలో అన్నదమ్ములు వరి పొలం చూసుకుంటూ లారీలు తిప్పుకుంటూ వాళ్ల సంసారాల్లో వాళ్లుండేవాళ్లు. మెస్‌లో తినేసి వచ్చి గది తాళం తీస్తే, పొద్దున తాగిన కాఫీ గ్లాసు పెట్టినచోటే కనిపించేది. ఎవరైనా దాన్ని కాస్త జరిపి ఉంటే బాగుండుననిపించేది.

ఫారం ముందు పెట్టుకుని, కంప్యూటర్‌తో ఏం పని చేస్తారని అడిగాను.

“టైపు చేస్తాప్పా. అంతే.”

ఒకేసారి ఎన్ని ప్రోగ్రాములు నడుపుతారని అడిగాను.

“ఒకటే. ఉండేవి రెండు చేతులు, ఎన్ని టైపు చేస్తారు ఎవరైనా?” అన్నారామె. షాపాయన ఎనిమిది వేయించుకోమన్నాడే అని కూడా అన్నారు. టైపు పనికి నాలుగే ఎక్కువని చెప్పి, నాలుగు అని రాసి, సంతకం పెట్టి లేచాను. మొత్తం పదిహేను నిమిషాల పని.

ఏం టైపు చేస్తారో మెషిన్ బిగించిన రోజు తెలిసింది. ఆమె తండ్రి వాళ్ల సంఘంలో ఉపదేశిగా ఉండేవారు, అంటే పాస్టరయ్య తర్వాత మనిషి. నలభై ఏళ్ల పాటు సంఘంలో పోయిన ప్రతి మనిషి పేరూ, తేదీ, ఇంటి వివరం ఒక పెద్ద రిజిస్టరులో రాశారు. ఏటా నవంబరులో సమాధుల పండగ నాడు తెల్లవారకముందే అందరూ సమాధుల తోటకు వెళ్లి, గోరీలు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఒకప్పుడు అక్కడ ఆ రిజిస్టరు తీసి, ఇల్లిల్లుగా పేర్లన్నీ చదివేవారట. తర్వాత రిజిస్టరుకు చెదలు పట్టింది, చదవడం ఆగిపోయింది. ఎవరి ఇంటి పేర్లు వాళ్లు తలుచుకుని వస్తున్నారు.

“మనుషులుండేటోళ్లని వాళ్లోళ్లు తలుచుకుంటారప్పా. ఎవరూ లేనోళ్ల పేరు ఎవరు సదవాల?” అన్నారు సారమ్మగారు. ఆ నవంబరుకు మొత్తం పట్టీ మళ్లీ తయారు చేసి తానే చదవాలని ఆమె పట్టుదల. వచ్చే ఏడాదికి కళ్లు ఎట్లుంటాయో తెలియదన్నారు. మిగిలిన పేజీలను ఒక స్టూడియోలో స్కాన్ చేయించి డిస్క్‌లో వేయించుకున్నారు. చెదలు తిన్నచోట ముసలివాళ్లను అడిగి పూరించాలి. అందరికన్నా ఎక్కువ తెలిసినావిడ హగరిలో ఉండే ఆమె చిన్నమ్మ. తొంభై దగ్గర పడిన మనిషి, ఏ ఇంట్లో ఏ పసిబిడ్డ ఎప్పుడు పోయిందీ నోటి మీద ఉండేదట.

ఆగస్టులో మొదటి ఫిర్యాదు వచ్చింది. మెషిన్ నిదానం అని. మా పద్ధతి ప్రకారం ఇంజనీరు బయల్దేరేముందు ఫోన్ చేసి, తెరిచినవన్నీ మూసి మెషిన్ ఆపి ఉంచమని చెప్పాలి. వెనకటికి ఎక్కడో ఇంజనీరు చేయి పడి ఎవరి పనో పోయిందని గొడవైతే, అప్పట్నుంచి పెట్టిన నిబంధన అది. సారమ్మగారికీ అలాగే చెప్పాను. వెళ్లేసరికి మెషిన్ చక్కగా ఆపి, మీద గుడ్డ కప్పి ఉంది. ఆన్ చేసి పరీక్ష ప్రోగ్రాములు నడిపాను. పరుగులు తీసింది. ప్రతి ఫిర్యాదుకూ మేం నింపే కాల్ షీట్‌లో ‘లోపం కనబడలేదు’ అని రాశాను. ఆమె కూడా చూసి, నిజమే బాగుండాది అన్నారు.

సెప్టెంబరు చివర్లో మళ్లీ అదే ఫిర్యాదు. ఈసారి ఆమె ఒక మాట అదనంగా చెప్పారు. “ఆ చిన్న ఎర్రదీపం ఉండాది చూడు, అది ఆరేదే లేదప్పా.” ఆ దీపం హార్డ్ డిస్క్‌ది. అది ఆరకుండా వెలుగుతోందంటే బల్ల చాలక మెషిన్ బీరువాకూ బల్లకూ మధ్య తిరుగుతోందని అర్థం. నిన్న చేరిన ట్రైనీకి కూడా తెలుస్తుంది. నాకూ తెలిసింది. కానీ మెమరీ చాలలేదని రాస్తే, జూన్‌లో నా చేత్తో రాసిన నాలుగు తప్పని రాసినట్టే. టైపు పనికి నాలుగు చాలకపోవడమేమిటని నాలో నేనే వాదించుకున్నాను. ఆమెను పక్కన కూర్చోబెట్టి, రోజూ ఎలా చేస్తారో చేసి చూపించమని అడిగితే పది నిమిషాల్లో తేలిపోయేది. అడగలేదు.

దానికి బదులు రెండు పనులు చేశాను. మెషిన్ మాటిమాటికి డిస్క్ దగ్గరికి పోకుండా పేజ్ ఫైల్‌ను బాగా తగ్గించేశాను. టైపు ప్రోగ్రాములో ఆటో రికవరీ అని ఒకటుంటుంది. మనం సేవ్ నొక్కకపోయినా పది నిమిషాలకొకసారి తనంతట తాను ఒక నకలు దాచిపెడుతుంది. అదీ నిదానానికి కారణమేనని ఆపేశాను. రెండూ ఆమెకు చెప్పలేదు, కాల్ షీట్‌లోనూ రాయలేదు. మర్నాడు ఫోన్ చేసి, స్వల్ప మేలు అన్నారు. గెలిచాననుకున్నాను.

అక్టోబరు మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. “పోయిందప్పా. నేను కొట్టిందంతా పోయింది,” అన్నారు. అన్నీ మూసి ఉంచమని చెప్పడం మరిచి బండెక్కాను. ఆ మరుపు వల్లనే, ఆమె వాడుతున్నప్పుడు ఆ తెర ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను.

తెర అడుగున ఉండే పట్టీ మొత్తం కిక్కిరిసి ఉంది. లెక్కపెట్టాను. రిజిస్టరు పేజీల బొమ్మలు ముప్పై ఒకటి తెరిచి ఉన్నాయి. టైపు ప్రోగ్రాము మాత్రం లేదు. మెమరీ చాలడం లేదని తెర మీద ఒక గడి చూపించి, మూసుకుపోయిందట.

“ఇన్ని తెరిచిపెట్టినారేందమ్మా?”

“మూసేదెట్లప్పా? ఆ ఇండ్లోళ్లవి ఇంకా అయిపోలేదు కదా.”

అప్పుడు చెప్పారు. ఒక ఇంటి పేర్లు రాయడానికి రిజిస్టరు తీస్తే, ఆ ఇంటివన్నీ పూర్తయ్యేదాకా వాళ్ల నాన్న పుస్తకం మూసేవారు కాదట. ఎవరినైనా అడిగి రావాల్సి ఉంటే, ఆ పేజీ అలాగే తెరిచి, పైన ఒక చేతిగుడ్డ పరిచి వెళ్లేవారు. పూర్తయ్యాకే అడుగున ఎర్రసిరాతో గీత గీసి పుస్తకం మూయడం. సగంలో మూస్తే ఆ ఇంటివాళ్లను వదిలేసినట్టే అనేవారు. సారమ్మగారు అదే పద్ధతి కంప్యూటర్‌కూ పెట్టారు. పూర్తికాని ఇల్లు ఏదీ మూయలేదు. సేవ్ నొక్కడమంటే ఆమె లెక్కలో ఎర్రగీత గీయడం. కాబట్టి పూర్తికాని ఇంటికి సేవ్ కూడా లేదు. నేను వస్తున్నానని చెప్పినప్పుడు మాత్రం, మూసేటప్పుడు సేవ్ చేయాలా అని మెషిన్ అడిగితే మనసొప్పకపోయినా అవునని నొక్కేవారు. నేను వెళ్లాక, ఏ పేజీలు తెరిచి ఉండేవో చీటీలో చూసుకుని మళ్లీ అన్నీ తెరుచుకునేవారు.

“నువ్వు వస్తాండావంటే పొద్దున్నుంచి ఇవన్నీ మూసేదే నాకు పని,” అన్నారు. మెషిన్ మీద కప్పిన ఆ గుడ్డ ఏమిటో నాకప్పుడు అర్థమైంది.

నేను ఫారంలో అడిగింది ప్రోగ్రాముల గురించి. ఆమె దృష్టిలో ఆ బొమ్మలు ప్రోగ్రాములు కావు, పుస్తకం. నా తప్పు ఇంకొకటుంది. ఒక్కొక్క పేజీ డిస్క్‌లో చూస్తే చాలా చిన్నది, నాలుగైదు ఎంబీ. అది మడతపెట్టిన చీర. తెరిస్తే బల్ల మీద పొడుగునా పరుచుకుంటుంది, వంద ఎంబీ దాకా పోతుంది. ముప్పై ఒక్క చీరలు ఒకేసారి పరిస్తే, మెషిన్ సొంత అవసరాలు పోను, నాలుగు జీబీ బల్ల మీద చోటెక్కడిది? ఇదివరకైతే నిదానంగానైనా బీరువా మూలలో సర్దుకునేది. ఆ మూలను కత్తిరించింది నేను. పడిపోయినా ఆటో రికవరీ కాపాడేది. దాన్ని ఆపింది నేను.

పోయిన మూడు వారాల పనిలో ఎక్కువ భాగం హగరి చిన్నమ్మ ఫోన్‌లో చెప్పింది. ఫోన్ స్పీకర్ పెట్టుకుని, ఆవిడ చెబుతుంటే సారమ్మగారు నేరుగా టైపు చేశారు. కాగితం మీద ఎక్కించలేదు. నలభై ఏళ్లు టైపు చేసిన మనిషికి మధ్యలో కాగితమెందుకని. మళ్లీ అడుగుదామంటే, ఆ చిన్నమ్మ పోయి అప్పటికి తొమ్మిది రోజులు.

ఇలాంటప్పుడు పద్ధతి ఒకటే. ఆ డిస్క్ మీద ఇంకొక్క అక్షరం కూడా రాయనివ్వకుండా మెషిన్ ఆపి, డిస్క్ ఊడదీసి, వేరే మెషిన్‌కు తగిలించి, మిగిలిపోయిన తునకల కోసం వెతకడం. రెండు రోజులు సెలవు పెట్టి నా గదిలో కూర్చున్నాను. ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు తన అవసరానికి రాసుకున్న తాత్కాలిక ఫైళ్ల ముక్కలు దొరికాయి. వాటిలోంచి పేర్లు ఏరాను. పోయిన వాటిలో దాదాపు అన్నీ వచ్చాయి, ఒక్క ఇంట్లో రెండు పేర్లు తప్ప. ఆ ఇంటివాళ్లు ఇప్పుడెవరూ లేరు. పుట్టిన నెలల్లోనే పోయిన ఇద్దరు పిల్లలు, వాళ్ల పేర్లు తెలిసిన ఆఖరి మనిషి ఆ చిన్నమ్మ. రిజిస్టరులో ఆ చోట చెదలు చేసిన రంధ్రం ఉంది.

సారమ్మగారి దగ్గరికి వెళ్లి జరిగిందంతా వరసగా చెప్పాను. పేజ్ ఫైల్ సంగతి, ఆటో రికవరీ సంగతి, ఎందుకు చేశానన్నది కూడా.

“ఎనిమిది ఏసింటే పోయుండేది కాదా?”

“పోయుండేది కాదమ్మా.”

“ఆ రెండు పేర్లు నాకు నోటికి రావాల. కొట్టింది నేనే కదా,” అని తన వేళ్ల వైపు చూసుకున్నారు. “చేతులతో పోయినాయి, తలకాయకు ఎక్కలేదు.” తర్వాత మెషిన్ వైపు చెయ్యి చూపించారు. “సరే. ఇప్పుడన్నా ఎయ్యి.”

ఖాళీగా ఉన్న రెండో స్లాటులో ఇంకో నాలుగు జీబీ కడ్డీ పెట్టాను. తీసేసినవన్నీ యథాస్థానంలో పెట్టాను. కాల్ షీట్‌లో కారణం దగ్గర ఒక కోడ్ రాయాలి. హార్డ్‌వేర్ లోపం, సాఫ్ట్‌వేర్ లోపం, కరెంటు, వాడేవారి పొరపాటు, ఇవే నాలుగు. ఇంజనీరు పొరపాటుకు కోడ్ లేదు. మాటల్లోనే రాసి పంపాను. ఏరియా మేనేజరు ఫోన్ చేసి, సేవ్ నొక్కనిది ఆమే కదా, వాడేవారి పొరపాటు అని మార్చమన్నాడు. మార్చలేదు. ఆ ఏడాది నా వార్షిక నివేదికలో దాని గురించి రెండు వాక్యాలు పడ్డాయి.

సమాధుల పండగ నాడు ఇంకా చీకటుండగానే సమాధుల తోటకు వెళ్లాను. నేను ఆ సంఘం మనిషిని కాను, రమ్మని ఎవరూ పిలవలేదు. గేటు దగ్గర నిలబడ్డాను. సున్నం కొట్టిన గోరీల మధ్య జనం కొవ్వొత్తులు వెలిగించి నిలుచున్నారు. సారమ్మగారు కళ్లద్దాలు సర్దుకుంటూ ఇల్లిల్లుగా చదివారు. ఒక్కొక్క ఇల్లు అయ్యేకొద్దీ గుంపులో ఎవరో ఒకరు తల వంచుకునేవారు. ఆ ఇల్లు వచ్చింది. తల్లి పేరు, తండ్రి పేరు, తర్వాత “ఇద్దరు పసిబిడ్డలు” అని ఒక్క క్షణం ఆగి, తర్వాతి ఇంటికి వెళ్లిపోయారు. గుంపులో ఎవరికీ తేడా తెలియలేదు. తెలిసింది ఆమెకూ నాకూ. అంతమంది ఉన్న చోట అంత ఒంటరిగా నేనెప్పుడూ నిలబడలేదు.

పట్టీ పూర్తయ్యాక డిసెంబరులో, నకలు తీయాలని ఆమే పిలిచారు. మూసి ఉంచమని ఈసారి నేను చెప్పలేదు. వెళ్లేసరికి తెర మీద ఒక్క ఇల్లే తెరిచి ఉంది. ఆమెది. తండ్రి, తల్లి, భర్త, మూడేళ్ల బిడ్డ, అందరికీ తేదీలున్నాయి. ఆఖరి వరసలో సారమ్మ అని ఉంది. పక్కన ఖాళీ.

“ఇది నేను మూసేది కాదప్పా. దీనికి ఎర్రగీత ఎవరు కొడతారు?”

పాస్టరయ్య రాస్తారు కదమ్మా అన్నాను. ఆయన సంఘం కొత్త రిజిస్టరులో రాస్తాడు, దీని దాకా ఎవరొస్తారన్నారు. తర్వాత నా వైపు తిరిగి, “నీ పేరు యాడ రాసుండాది?” అని అడిగారు.

“మాలో ఇట్లాంటి పుస్తకం ఉండదమ్మా.”

“అట్లనా,” అన్నారు. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. తడుముకోకుండా, ఆ గీత నేను గీస్తానమ్మా అని చెప్పాను. ఆమె సరేనని, నకలు తీసిన పెన్‌డ్రైవ్ నా చేతికిచ్చారు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది కొద్దిపాటిదే. ఇంటి కంప్యూటర్‌కు ఎంత మెమరీ కావాలన్నది, ఏం పని చేస్తారని అడిగితే తేలదు. మనిషి ఏది మూయకుండా ఉంచుకుంటాడో చూడాలి. అది చూడాలంటే మెషిన్ ఆపకముందే వెళ్లి గంటసేపు పక్కన కూర్చోవాలి. మిగిలిన సర్వీసంతా అలాగే చేశాను. అవసరాల ఫారంలో చివర పెన్నుతో ఒక గడి గీసి, ‘మూయకుండా ఉంచేవి ఎన్ని’ అని రాసుకునేవాణ్ణి. కంపెనీ దాన్ని ఎప్పుడూ అచ్చువేయలేదు.

రిటైరయ్యాక నా గదికి ఒక కంప్యూటర్ కొనుక్కున్నాను. అలవాటు కొద్దీ ఫారం కూడా నింపాను. ఎర్తింగ్ ఉంది. ఇన్వర్టర్ ఉంది. చేసే పనులు ప్రత్యేకంగా ఏమీ లేవు. పెన్‌డ్రైవ్‌లోని సారమ్మగారి ఇల్లు మాత్రం తెర మీద ఎప్పుడూ తెరిచే ఉంటుంది. సారమ్మగారు ఇప్పటికీ నెలకొకసారి ఫోన్ చేసి, “ఇంకా ఖాళీగానే ఉండాదా అప్పా?” అని అడుగుతారు. ఉండాదమ్మా అంటాను. ఫారం చివరి గడిలో ఒకటి అని రాశాను. నాలుగు జీబీ సరిపోయింది.